రామతీర్థం కొండ మీద ‘చాలు’: అన్నం వద్దనే పిల్లల వెనక ఉన్న పాత కథ

ఈ ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, కోటలు లేవు. ఉన్నదల్లా ఒక అన్నం గిన్నె, ఒక రెండేళ్ళ పిల్లాడు, ఆ గిన్నె పట్టుకుని వాడి వెనకాల వీధంతా తిరిగే ఒక అమ్మ. మన ఉత్తరాంధ్రలో ఏ ఊరికైనా వెళ్ళండి, సాయంత్రం ఏడింటికి ఒక గడపలోనైనా ఈ మాట వినిపిస్తుంది: “ఏటోలమ్మా, ఈ గుంటడు ముద్ద ముట్టడు!”

నిన్న లొట్టలేసుకుని తిన్న పప్పన్నం ఇవాళ “యాక్”. కూరలో కరివేపాకు కనపడితే సమ్మె. అన్నానికి పెరుగు అంటుకుంటే ఏడుపు, అంటుకోకపోతే ఇంకా పెద్ద ఏడుపు. మీలో కొందరికి పిల్లలుంటారు, కొందరికి ఇంట్లో చిన్న తమ్ముడో మేనకోడలో ఉంటారు. కొందరు ఇప్పటికీ బెండకాయ పక్కకి తీసేస్తుంటారు, అదీ నాకు తెలుసు.

సరే, ఇందులో చరిత్ర ఏముంది? చాలా ఉంది. దానికోసం మనం రామతీర్థం వెళ్దాం.

విజయనగరం నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు, నెల్లిమర్ల మండలం. ఎక్కువమందికి రామతీర్థం అంటే రాముడి గుడి, శివరాత్రి జాతర. కానీ ఆ ఊరి చుట్టూ ఉన్న కొండలు చూడండి. గురుభక్తుల కొండ మీద బౌద్ధ స్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉండే విహారాల పునాదులు ఉన్నాయి. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వకాలు చేయించాడు. దగ్గర్లోనే బోధికొండ, దుర్గకొండ. వాటి మీద జైన తీర్థంకరుల విగ్రహాలు ఉన్నాయి. అంటే బౌద్ధులు, జైనులు, రామభక్తులు, ముగ్గురూ కాలక్రమంలో ఈ ఒక్క ఊళ్ళో భోంచేశారన్నమాట!

ముందు బౌద్ధుల సంగతి. భిక్షువు తిండి అంటే సింపుల్. పాత్రలో ఏది పడితే అది తినాలి, అదీ మధ్యాహ్నం లోపే. ఇక వాళ్ళకి పేచీ ఎక్కడిది అనుకుంటాం. కానీ భిక్షువుల నియమాల పుస్తకం వినయపిటకం తెరిస్తే నవ్వొస్తుంది. భోజనం ఎలా చేయాలో ఒక్కొక్క నియమం రాసిపెట్టారు. బుగ్గలు ఉబ్బేలా కుక్కుకోకూడదు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదు. మెతుకులు చెల్లాచెదురుగా పడేయకూడదు. నాలుక బయటపెట్టకూడదు. చేతులు నాకకూడదు, పాత్ర నాకకూడదు. పక్కవాడి పాత్రలో ఎంత పడిందో అని తప్పులు వెతుకుతూ చూడకూడదు. ‘చపుచపు’ అనీ ‘సురుసురు’ అనీ శబ్దం చేస్తూ తినకూడదు. ఆ రెండూ పాళీ మాటలే, అచ్చం మన తెలుగులా లేవూ?

వాటిలో నాకు బాగా నచ్చింది ఇది: కూర ఇంకా వేయించుకోవాలన్న ఆశతో, ఉన్న కూరని అన్నం కింద దాచకూడదు. నియమం ఎప్పుడు పుడుతుంది చెప్పండి? ఎవడో ఒకడు ఆ పని చేశాకే కదా! నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం, చేపలు, మాంసం, పాలు, పెరుగు... ఒంట్లో బాగున్నప్పుడు ఇవి కావాలని అడిగి తినకూడదని ఇంకో నియమం. అంటే ఇల్లూ వాకిలీ వదిలేసి కొండెక్కిన పెద్దవాళ్ళకి కూడా నాలుకని వదలడం కష్టమైంది. ఇలాంటి నియమాలు ఒక్క పాళీ పుస్తకంలోనే కాదు, మిగతా బౌద్ధ శాఖల్లోనూ ఉన్నాయి. రెండేళ్ళ పిల్లాడికి పేచీ ఉండటంలో వింతేముంది?

ఇప్పుడు అసలు పాయింట్. ఇంకో నియమం ఉంది. భోజనం చేస్తున్న భిక్షువు వడ్డించేవాళ్ళతో ‘చాలు’ అన్నాడంటే, ఇక ఆ పూట అంతే. లేచి వెళ్ళి ఇంకోచోట మళ్ళీ తినడం కుదరదు. అంతేకాదు, అలా ‘చాలు’ అన్నవాణ్ణి తప్పులో ఇరికించాలని ఇంకో భిక్షువు “తిను, తిను” అని తినిపిస్తే, ఆ తినిపించినవాడికీ తప్పే. గమనించారా? ‘ఏం వడ్డించాలి’ అన్నది దాత ఇష్టం. ‘ఎంత చాలు’ అన్నది తినేవాడి ఇష్టం. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు.

ఇక జైనుల సంగతి. దుర్గకొండ గుహలో కన్నడంలో ఒక శాసనం ఉంది. 11వ శతాబ్దం మొదట్లో వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం నాటిది. ఆ రాజుకి గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు అనే జైన ముని ఈ కొండకి వచ్చి నమస్కరించాడని చెబుతుంది. ఆయన దేశీగణానికి చెందినవాడు, అంటే దిగంబర సంప్రదాయం. దిగంబర మునులు రోజుకి ఒక్కసారే, నిలబడి, దోసిట్లోనే ఆహారం తీసుకుంటారు. అన్నంలో వెంట్రుక కనపడితే ఆ రోజు భోజనం అక్కడితో ఆఖరు. ఒక్కోసారి “ఫలానా గుర్తు కనపడిన ఇంటి ముందే తింటాను” అని మనసులో అనుకుని బయల్దేరుతారు. అది కనపడకపోతే ఉపవాసమే.

“నీలం గిన్నెలో పెడితేనే తింటా” అనే మన బుడతడు గుర్తొచ్చాడా? నాకూ వచ్చాడు. కానీ తేడా పెద్దది. మునిది నిగ్రహం, వీడిది పంతం. ఇంకో తేడా, ముని తినలేదని ఆ ఇంటివాళ్ళు పరుగెత్తి రెండు నిమిషాల నూడుల్స్ చేసి తేరు.

కొండ దిగి ఊళ్ళోకి వద్దాం. ఈ పక్క పల్లెల్లో తరతరాలుగా పేదవాళ్ళ తిండి చోడంబలి, గంటెలు, సామలు. వరి పండించినవాళ్ళ ఇంట్లో కూడా వరి అన్నం రోజూ ఉండేది కాదు, పండక్కో చుట్టం వస్తేనో. 1866లో ఒడిశాని ఊడ్చేసిన కరువు, అప్పట్లో శ్రీకాకుళం భాగంగా ఉన్న గంజాం జిల్లాని కూడా తాకింది. 1876–78లో మద్రాసు రాష్ట్రంలో మహా కరువు. అలాంటి ఇంట్లో పిల్లాడు “వద్దు” అంటే, ఆ అంబలి కోసం ఇంకో చెయ్యి ఎదురుచూస్తూ ఉంటుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక గానీ చాలా ఇళ్ళలో రోజూ అన్నం కుదరలేదు.

అందుకే మన అమ్మమ్మలకి ‘తినకపోవడం’ అంటే భయం. ఒక్క ముద్ద వదిలేస్తే పిల్లాడు దక్కుతాడో లేదో అన్న భయం అది. గిన్నె పట్టుకుని వెనకాల పరిగెత్తడం ఆ భయంలోంచే వచ్చింది. ఆ భయం పూర్తిగా తప్పనీ అనలేం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత.

మరి బలవంతంగా కుక్కితే సరిపోతుందా? సరిపోదు. 1926లో అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టర్ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అప్పుడే పాలు మానిన 15 మంది పిల్లలు. మొత్తం 34 రకాల మామూలు ఆహారాలు. నర్సు స్పూన్ పట్టుకుని ఊరికే కూర్చోవాలి. పిల్లాడు వేలు చూపిస్తేనే పెట్టాలి, “ఇది తిను” అనకూడదు, మెచ్చుకోకూడదు, తిట్టకూడదు. పిల్లలు ఒక్కోరోజు పిచ్చిగా తిన్నారు, కానీ మొత్తం మీద బాగా పెరిగారు. 1939లో ఆ ఫలితాలు రాస్తూ డేవిస్ అసలు కిటుకు తనే చెప్పింది: కిటుకంతా ఆ 34 ఆహారాల జాబితాలోనే ఉంది. అందులో పంచదార లేదు, ప్యాకెట్ లేదు. జాబితా పెద్దవాళ్ళది, ఎంపిక పిల్లలది. తర్వాత ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఇదే సూత్రం చెప్పింది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది అమ్మానాన్నల పని. తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లల పని. గురుభక్తుల కొండ మీద దాతకీ భిక్షువుకీ మధ్య ఉన్న ఒప్పందం కూడా ఇంచుమించు ఇదే కదా!

ఇంకో లెక్క చెప్తా, ఇది తెలిస్తే సగం బెంగ తీరుతుంది. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాది మొత్తం కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే వాడికి “నాకొద్దు” అనే మాట కూడా వస్తుంది. ఇంట్లోవాళ్ళేమో “తల్లికి తినిపించడం రాదు” అంటారు. పాపం, ఆ అమ్మ తప్పేమీ లేదు.

కొత్త కూర ఒక్కసారి వద్దంటే వదిలేయకండి. పది, పదిహేను సార్లు కొంచెం కొంచెంగా రుచి చూపించాక అలవాటవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. చోళ్ళనే చూడండి. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. “పేదోళ్ళ తిండి” అని మనమే పక్కన పెట్టాం. 2023 మార్చిలో అదే చోడి, రాగిజావ పేరుతో ప్రభుత్వ బడుల్లోకి తిరిగొచ్చింది. ఇంట్లో ముఖం తిప్పేసే పిల్లలు బడిలో పక్కవాడు తాగుతుంటే తామూ తాగుతారు. పంక్తి భోజనం మహిమ అది.

చివరగా మీ చేతిలో ఉన్నదాని గురించి. అమ్మలు చందమామని చూపించి ముద్ద పెట్టేవారు, మేం ఫోన్ చూపిస్తున్నాం, తేడా ఏంటి అంటారు. తేడా ఉంది. చందమామ పది సెకన్లకోసారి మారదు. కథ అమ్మ నోట్లోంచి వస్తుంది, పిల్లాడు అమ్మ ముఖం చూస్తాడు, కడుపు నిండితే తల తిప్పుతాడు. ఫోన్ ముందు వాడికి ముద్దా తెలీదు, కడుపు నిండిందనీ తెలీదు. ‘చాలు’ అనడమే మర్చిపోతాడు.

బరువు పెరగకపోయినా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా, తిన్న ప్రతిసారీ కక్కుతున్నా అది పేచీ కాదు. అంగన్‌వాడీలో తూకం వేయించండి, డాక్టర్‌కి చూపించండి. ఇవేవీ లేకపోతే వేళకి వండింది ముందు పెట్టండి, అన్నానికి గంట ముందు బిస్కెట్ ఇవ్వకండి, మీరూ పక్కన కూర్చుని తినండి. వాడు ‘చాలు’ అంటే గిన్నె తీసేయండి. తర్వాతి పూట ఆకలి దాని పని అది చేసుకుంటుంది.

మీ ఇంట్లో అన్నం పేచీకి వాడే మాట ఏంటో కామెంట్లో రాయండి. ఈసారి రామతీర్థం వెళ్తే గుడితో పాటు గురుభక్తుల కొండ కూడా ఎక్కండి. మళ్ళీ కలుద్దాం.