పడుగు పేకల బొమ్మ



భివండిలో కనేరి, పద్మానగర్ వైపు మరమగ్గాల మీద బతికే మన తెలుగువాళ్ళ ఇళ్ళలో పాత పెళ్ళి ఆల్బంలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. 1970, 80 దశకాల రంగు ఫోటోలు చాలావరకు ఎర్రబారిపోయాయి. వాటికంటే పాతవైన నలుపు తెలుపు ఫోటోల్లో మాత్రం తాతల ముఖాలు ఇప్పటికీ పోల్చుకోవచ్చు. నలుపు తెలుపులో బొమ్మ కట్టేది వెండి. రంగు ఫోటోలో చివరికి మిగిలేది అద్దకమే. అద్దకం వెలుగుకూ వేడికీ వెలిసిపోతుందని నేతవారికి ఒకరు చెప్పాలా?

హైదరాబాదు నిజాం ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు పలకల నెగటివులు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఇక డిజిటల్ సంగతి. 1975లో అమెరికాలోని కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అడ్డంగా 100, నిలువుగా 100, మొత్తం 10,000 చుక్కల బొమ్మ. అది క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఫిలిం అమ్ముకునే కంపెనీకి ఆ పెట్టె ముద్దు రాలేదు. 2012 జనవరిలో అదే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఈనాడు మామూలు ఫోన్‌లోనే కోటికి పైగా చుక్కలుంటాయి.

మరి ఏది మేలు? ఫిలింలో వెండి రేణువులు చల్లిన ఇసుకలా ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. డిజిటల్ చుక్కలు పడుగు పేకల్లా వరస తప్పవు. అందుకే సన్న చారల చొక్కానో, దగ్గర నేత గుడ్డనో డిజిటల్‌లో తీస్తే, గుడ్డ మీద లేని అలలు బొమ్మలో కనిపిస్తాయి. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి చూడండి, అదే తమాషా. ఫిలింలో ఈ బెడద దాదాపు లేదు.

పెళ్ళిలో మధుపర్కాల తెలుపు కూడా అంతే. వెలుగు కొంచెం ఎక్కువైనా నెగటివు ఫిలిం మడతలను నిలుపుకుంటుంది. డిజిటల్‌లో హద్దు దాటితే ఉత్త తెల్ల మచ్చ. మసక దీపాల వెలుగులో మాత్రం ఇప్పటి డిజిటల్ కెమెరాకు ఫిలిం సాటిరాదు. ఈ మాట ఒప్పుకోక తప్పదు.

ఒక్క విషయం. ఆల్బంలో ఫోటో ఎర్రబారినా, నెగటివు చీకట్లో, తేమ తగలకుండా ఉంటే రంగు కొంత నిలిచి ఉండవచ్చు. స్టూడియోవారు ఇచ్చిన ఆ గోధుమరంగు ముక్కలను చెత్త అనుకుని పారేయకండి. స్కాన్ చేయిస్తే ఫోటోలో పోయిన చీర అంచు అందులో దొరకవచ్చు.