పులికాట్‌లో ‘పాడు’ వేట

మింజూరుకు ఉత్తరాన ఉన్న పులికాట్ సరస్సును తమిళులు పళవేర్కాడు అంటారు. అందులో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌ది. దక్షిణపు ముఖద్వారం తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఆ ముఖద్వారపు వేటకు తరతరాలుగా ‘పాడు’ అనే కట్టుబాటు ఉన్నది. తెలుగులో ఈ మాట వినగానే చెడిపోవడమే స్ఫురిస్తుంది గాని, ఇక్కడ దాని అర్థం వల కట్టే చోటు, దానిపై వంతు. కోట్టైకుప్పం, నడుకుప్పం, ఆండికుప్పం గ్రామాల పట్టణవర్లు చీట్లు వేసి ఎవరికి ఏ చోటో నిర్ణయించుకుంటారు.

సముద్రం నుంచి పిల్లలుగా వచ్చి సరస్సులో పెరిగిన రొయ్యలు, రాత్రివేళ ఆటుతో నీరు వెనుదిరిగేటప్పుడు మళ్ళీ సముద్రానికి పోతాయి. ఆ దారిలో గుంజలకు కట్టిన వలలలో చిక్కుతాయి. ముఖద్వారానికి దగ్గరి చోటు దక్కినవాడిదే అదృష్టం. వంతులు ఏర్పడింది అందుకే. పాడు హక్కు లేనివారికి ఆ చోట్లు అందవు, అదే చాలాకాలంగా తగాదాలకు మూలం. ఇరుళర్లయితే లోతు లేని నీటిలో చేతులతోనే తడిమి రొయ్యలను పట్టి, పళ్ళతో కరచిపట్టిన తాటాకు బుట్టలో వేసుకుంటారు.

వర్షాలు తగ్గాక ఇసుక మేట వేసి ముఖద్వారం పూడితే రొయ్య పిల్లలు లోపలికి రావు. ఎండకు నీరు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది. అప్పుడు పాడు వంతు ఉన్నవారూ ఒడ్డునే ఉండిపోతారు.