పనిగంటలును కూలివాని దేహమును

చదువరులారా, కూలివాని శ్రమకు లెక్క వ్రాయు పుస్తకములు రెండు కలవు. ఒకటి తోట యజమానుని కచేరీలోనిది. రెండవది కూలివాని దేహమే. మొదటి పుస్తకమున వ్రాయక విడిచిన గంటలు రెండవదానిలో తప్పక ఎక్కును. ఈ సంగతిని లోకము గ్రహించుటకు ఎంతకాలము పట్టెనో, మన మారిషసు చెఱకుతోటలు మొదలుకొని విచారింతము.

1834 మొదలు ఇరువదవ శతాబ్దారంభము వఱకు సుమారు 4,50,000 మంది హిందూదేశీయులు ఒడంబడికల మీద ఈ దీవికి వచ్చిరి. వారిలో తెలుగువారును కలరు. కోరంగి రేవునుండి ఓడ నెక్కి వచ్చినవారగుటచే ఇచ్చటివారు వీరిని 'కొరింగీలు' అనిరి. నాటుట, కలుపు తీయుట, కోయుట, మోయుట వీరి పని. కోసిన చెఱకు నిలువయుండిన రసము చెడును గనుక, కోతకాలమున గానుగ ఇంటి పని ప్రొద్దుతో ముగియక రాత్రిలోనికి సాగెడిది. ఆదివారమునను 'కోర్వే' యను పేర కొంత పని తప్పెడిది కాదు.

1847నాటి చట్టము 'డబుల్ కట్' అను పద్ధతికి బలమిచ్చెను. ఒకదినము పనికి రానివానికి రెండుదినముల కూలి కోయుటయే దాని భావము. ఇట్టి చట్టము క్రింద జ్వరము తగిలినవాడు పడుకొనుటకు జంకుట సహజమే గదా! మానిన దినము రెండుమాఱులు లెక్కకు వచ్చెను; మించి చేసిన గంట ఒక్కమాఱైనను లెక్కకు రాలేదు.

1871లో పాత ఒడంబడికదారులు అడోల్ఫ్ డి ప్లెవిట్స్ దొర సహాయముతో 9,401 మంది సంతకములు గల విన్నపము సమర్పించిరి. అందుపై 1872లో ఇంగ్లండు ప్రభుత్వము ఫ్రియరు, విలియంసను అను ఇద్దఱు దొరలను విచారణకు పంపెను. 1875నాటి వారి నివేదిక పాసుల పేర జరిగిన పట్టివేతలను, కూలికోతలను, తోట ఆసుపత్రుల లోపములను బయలుపెట్టెను. 1878లో క్రొత్త కూలిచట్టము వచ్చెను.

ఐరోపా యందు ఈ విచారణ కర్మాగారములలో మొదలయ్యెను. వృత్తిచేతనే వ్యాధులు కలుగునని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే గ్రంథము వ్రాసి, రోగిని అతని పని యేమని అడుగుడని తోడివైద్యులకు బోధించెను. ఇంగ్లండున 1833లో పిల్లల పనిగంటలకు, 1847లో స్త్రీల పనిగంటలకు చట్టము హద్దు పెట్టెను. యజమానులు మాత్రము గంటలు తగ్గిన సరకు తగ్గునని వాదించుచుండిరి. ఆ వాదమునకు జవాబు జర్మనీలోని యేనా పట్టణమున దొరకెను. అచ్చటి జైస్ అద్దముల కర్మాగారమున ఎర్నెస్టు ఆబె 1900లో పనిదినమును తొమ్మిది గంటలనుండి ఎనిమిదికి తగ్గించి, ఫలితమును లెక్కించెను. దినోత్పత్తి తగ్గకపోగా కొంచెము పెరిగెను. మొదటి ప్రపంచయుద్ధమున 1915లో ఇంగ్లండు ప్రభుత్వము నియమించిన సంఘమును ఇట్టిదే కనుగొనెను: అలసిన చేయి తక్కువ చేయును, ఎక్కువ గాయపడును.

1919లో వాషింగ్టను నగరమున అంతర్జాతీయ కార్మిక మహాసభ దినమునకు 8, వారమునకు 48 గంటలని ఒడంబడిక చేసెను. అయితే అది పరిశ్రమలకే, వ్యవసాయమునకు వర్తింపలేదు. అందునను హిందూదేశమునకు 60 గంటలని ప్రత్యేకముగా నిర్ణయించిరి. తోటకూలి ఎవరి లెక్కలోనికిని రాకపోయెను.

దేహము వ్రాసిన లెక్కను 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి చదివి వినిపించినవి. వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి, 35 మొదలు 40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతము కలుగు అపాయము 35 శాతము, గుండెకు రక్తము చాలని వ్యాధిచే మరణించు అపాయము 17 శాతము అధికము. 2016వ సంవత్సరమున ఈ కారణమున లోకమున 7,45,000 మంది మరణించిరని వారి అంచనా. మరణించినవారిలో పెక్కురు 60 దాటిన వృద్ధులు. నడివయస్సున చేసిన అతిశ్రమకు వార్ధకమున వెల చెల్లించినవారు.

చెఱకుతోటకు సంబంధించిన వార్త మఱియొకటి కలదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడారు, నికరాగువా దేశములలో చెఱకు కోయు పడుచువారికి మూత్రపిండములు చెడుచున్నవి. మధుమేహము గాని రక్తపోటు గాని లేనివారికే ఇట్లగుట వైద్యులను ఆశ్చర్యపఱచెను. మండుటెండలో విరామము లేక, నీరు చాలక చేయు కఠినశ్రమ ముఖ్యకారణమని నేడు పెక్కురు వైద్యులు తలంచుచున్నారు. నీరు, నీడ, విరామము క్రమముగా ఏర్పఱచిన తోటలలో మూత్రపిండములకు కలుగు హాని తగ్గెను.

నేడు ఈ దీవిలో 2019నాటి కార్మికచట్టము సాధారణ పనివారమును 45 గంటలుగా నిర్ణయించినది. తోటలలో పనివారు తగ్గిరి. కాని పగలు ఒకచోట, రాత్రి వేఱొకచోట పనిచేయువారు మన యిండ్లలో లేకపోలేదు. అధికపని కూలి పిల్లల చదువునకో, ఇంటి అప్పునకో అక్కఱయగుట నిజమే. అట్టివారు వారమునకు మొత్తము ఎన్ని గంటలైనవో తామే వ్రాసికొని చూచుకొనవలెను. ఎండలో పనిచేయువారు దప్పిక కాకమునుపే నీరు త్రాగవలెను. నలువది దాటినవారు రక్తపోటు చూపించుకొనవలెను. నిద్రను సోమరితనమని యెంచరాదు. మన పూర్వులకు విశ్రాంతి తీసికొనిన దినమునకు రెండుదినముల కూలి పోయెను. విశ్రాంతి మానినందుకు మనకు పోవునది అంతకంటె మిక్కిలి పెద్దది.