మెయిన్‌ఫ్రేములో డేటా సెట్ బ్యాకప్

మెయిన్‌ఫ్రేము కంప్యూటరు డిస్కులపై ఉన్న డేటా సెట్లకు నకళ్ళు తీసి వేరొక చోట భద్రపరచడాన్ని డేటా సెట్ బ్యాకప్ అంటారు. ఆ నకలు అవసరానికి పనికివస్తుందో లేదో ముందుగానే సరిచూడడం కూడా ఈ పనిలో భాగమే. ఇతర కంప్యూటర్లలో ఫైలు అని వ్యవహరించేదానినే మెయిన్‌ఫ్రేము పరిభాషలో డేటా సెట్ అంటారు. బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీలు వంటి సమాచారం వీటిలో ఉంటుంది. ఐ.బి.ఎం. వారి జెడ్/ఓఎస్ నిర్వహణ వ్యవస్థలో ఈ పని జరిగే తీరు క్రింద వివరించబడినది.

నేపథ్యం

ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 కంప్యూటర్లను ప్రకటించింది. జెడ్/ఓఎస్ ఆ పరంపరకు చెందినదే. ఇందులో డేటా సెట్ పేరు 44 అక్షరాలకు మించరాదు. చుక్కలతో వేరుచేసిన ఒక్కొక్క భాగం 8 అక్షరాలకు మించరాదు. డిస్కును వాల్యూము అనీ, దానిపై గల విషయసూచికను వీటాక్ అనీ అంటారు. 3390 రకం వాల్యూములో ఒక ట్రాకు 56,664 బైట్లు, 15 ట్రాకులు ఒక సిలిండరు. నాటి డిస్కులు మూలపడినా, నేటి నిల్వ యంత్రాలు అదే కొలతను అనుకరిస్తాయి.

నకలు తీసే విధానం

ఇందుకు ఏడీఆర్‌డీఎస్‌ఎస్‌యూ అనే ప్రోగ్రాములోని డంప్ ఆదేశాన్ని వాడతారు. ఇది రెండు విధాలు.

* లాజికల్ డంప్: డేటా సెట్లను పేర్లను బట్టి ఎంచుకొని నకలు తీస్తుంది.
* ఫిజికల్ డంప్: ట్రాకులను ఉన్నవి ఉన్నట్లుగా నకలు తీస్తుంది. పూర్తి వాల్యూమును భద్రపరచడానికి అనువైనది.

డేటా సెట్ మారినప్పుడు వీటాక్‌లో ఒక గుర్తు పడుతుంది. దాని ఆధారంగా, మారిన వాటికి మాత్రమే ప్రతిరోజూ నకలు తీయవచ్చును. డీఎఫ్‌ఎస్‌ఎంఎస్‌హెచ్‌ఎస్‌ఎం అనే సాధనం ఈ పనిని తనంతట తానే చేస్తుంది. ఏ నకలు ఏ టేపుపై ఉన్నదో బీసీడీఎస్ అనే డేటా సెట్‌లో వ్రాసుకుంటుంది. ఇది పాడైతే టేపులు చేతిలో ఉన్నా ఏది ఎక్కడున్నదో తెలియదు. కావున దీనికి కూడా విడిగా బ్యాకప్ తీయాలి.

నకలు తీస్తున్న సమయంలో వేరొక ప్రోగ్రాము అదే డేటా సెట్‌ను మార్చకుండా వ్యవస్థ తాళం వేస్తుంది. తాళం దొరకకపోయినా డంప్ చేయమని ఆదేశించే వీలు కలదు. అయితే అటువంటి నకలులో కొంత పాత సమాచారం, కొంత కొత్త సమాచారం కలిసిపోవచ్చు.

సరిచూచుట

పని ముగిసినపుడు వచ్చే రిటర్న్ కోడ్ 0 అయితే దోషం లేదని, 4 అయితే హెచ్చరిక అని, 8 అయితే కొన్ని డేటా సెట్లు విఫలమయ్యాయని అర్థం. ఏడీఆర్454ఐ సందేశం క్రింద నకలు తీయబడినవాటి పేర్లు, ఏడీఆర్455 సందేశం క్రింద విఫలమైనవాటి పేర్లు ఉంటాయి.

అయితే 0 వచ్చినంత మాత్రాన అన్నీ భద్రమని భావించరాదు. ఉదాహరణకు, జీతాల డేటా సెట్లన్నీ ఒకే మొదటి పేరుతో ఉన్నాయని, బ్యాకప్‌కు ఆ పేరునే ఇచ్చారని అనుకుందాం. తరువాత వేరొక మొదటి పేరుతో సృష్టించిన డేటా సెట్‌కు నకలు తీయబడదు, దోషమూ చూపబడదు. కావున నకలు జాబితాను కేటలాగుతో పోల్చుకోవాలి. టైప్‌రన్=నోరన్ అని ఇస్తే నకలు తీయకుండానే ఎంపికయ్యే పేర్లు తెలుస్తాయి.

అన్నింటికంటే నమ్మదగిన పరీక్ష, నకలును వేరొక పేరుతో తిరిగి డిస్కుపైకి తెచ్చి, రికార్డుల సంఖ్యను, వాడే ప్రోగ్రాము ఫలితాలను మూలంతో పోల్చడం. సూచిక గల వీశామ్ డేటా సెట్ అయితే ఎగ్జామిన్ ఆదేశంతో దాని కట్టుబాటును పరీక్షించవచ్చు. వెరిఫై ఆదేశం పేరును బట్టి సమాచారాన్ని సరిచూస్తుందని పొరబడేవారున్నారు. అది కేటలాగులో డేటా సెట్ ముగింపు వివరాన్ని సరిదిద్దుతుంది, అంతే.

పరిమితులు

నకళ్ళను తరాల వరుసగా ఉంచే జీడీజీ పద్ధతిలో సాధారణ రకానికి గరిష్ఠంగా 255 తరాలు, విస్తృత రకానికి 999 తరాలు ఉంచవచ్చు. పరిమితి నిండితే అన్నిటికన్నా పాతది తొలగిపోతుంది. 7 తరాలే ఉంచి రోజుకొక నకలు తీసేచోట, 8 రోజుల క్రితం జరిగిన తప్పు నేడు బయటపడితే ఒక్క మంచి నకలు కూడా మిగలదు. వేరొక ఊరిలోని డిస్కుపై ఎప్పటికప్పుడు ప్రతిబింబం ఉంచడం కూడా బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. మూలంలో జరిగిన తప్పు, తొలగింపు ప్రతిబింబంలోనూ వెనువెంటనే జరిగిపోతాయి.