పాటలోంచి గదిలోకి వచ్చిన చప్పుడు

గ్రామఫోన్‌లో పాట, యంత్రం రెండూ కలిసే వినపడేవి. గాడిలో నడిచే ముల్లు గాయకుడి గొంతుతోపాటు పళ్ళెం కింద మోటారు వణుకునీ పట్టుకునేది. ఏది ఎవరిదో ముల్లుకి తెలీదు. అందుకే పళ్ళేన్ని బరువుగా చేయడం, మోటారుని దూరంగా పెట్టి రబ్బరు బెల్టుతో తిప్పడం లాంటి తంటాలన్నీ పడ్డారు.

1982 అక్టోబరులో సోనీ తన మొదటి సీడీ ప్లేయర్‌ని జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. ఫిలిప్స్‌తో కలిసి రూపొందించిన ఈ పద్ధతిలో లేజర్ డిస్క్‌ని తాకదు. చదివిన అంకెల్ని కాసేపు దాచుకుని, లెక్క సరిచూసి, క్వార్ట్జ్ గడియారం ప్రకారం బయటికి వదులుతుంది. మోటారు కాస్త వణికినా ఆ వణుకు పాటలోకి రాదు. అలాగని చప్పుడు పోలేదు, పాటలోంచి గదిలోకి వచ్చింది, అంతే.

అదే 1982లో, నేటి కాసిపేట మండలంలోని దేవాపూర్‌లో సిమెంటు ఉత్పత్తి మొదలైంది. ఒకపక్క సింగరేణి బొగ్గు, ఇంకోపక్క సిమెంటు. దుమ్ముకి కొదవ లేదు. ఇలాంటి ఊళ్ళకి డిస్క్ ఎక్కువగా సినిమా రూపంలో వచ్చింది. 1993లో ఖరారైన వీడియో సీడీలో పట్టేది సుమారు 74 నిమిషాలే కాబట్టి, ఒక తెలుగు సినిమాకి రెండు మూడు డిస్కులు కావాలి. తర్వాత పెళ్ళి వీడియోలూ వాటి మీదకే ఎక్కాయి. ఇప్పుడవి చూడాలంటే చాలామందికి దిక్కు ఏదో ఒక సెకండ్‌హ్యాండ్ ప్లేయరే.

అది గరగరమంటే ఏం చేయాలి? ముందు వినాలి. సీడీని లోపలినుంచి బయటికి చదువుతారు. నిమిషానికి సుమారు 500 చుట్లతో మొదలై, అంచు దగ్గరికొచ్చేసరికి 200కి తగ్గుతుంది. మొదట్లో గట్టిగా ఉన్న రొద పోనుపోనూ తగ్గిందంటే తిరిగే భాగాన్ని అనుమానించాలి. డిస్క్ మార్చగానే పోతే తప్పు ఆ డిస్క్‌దే: వంగి ఉండొచ్చు, ఒకపక్కకి అంటించిన స్టిక్కర్ బరువు కావచ్చు. ఏ డిస్క్ పెట్టినా వస్తుంటే అరిగిన మోటారు బేరింగో, డిస్క్‌ని సరిగ్గా నొక్కని క్లాంపో. పాట మార్చినప్పుడు మాత్రమే టకటకమంటే లేజర్ జరిగే పట్టాల మీద ఎండిన గ్రీజు, దుమ్ము. ప్లగ్ తీసేసి, పాతది తుడిచి, ప్లాస్టిక్‌కి పడే గ్రీజు రవ్వంత రాస్తే చాలు. ట్రే ఒక్కటే మూలిగితే దాని బెల్టు చూడాలి.

బొగ్గుబాయిలో సర్దార్ పైకప్పుని కర్రతో తట్టి వింటాడు. ఖంగుమంటే బండ గట్టిది, బోలుగా పలికితే ఊడేది. అక్కడ చప్పుడంటే చికాకు కాదు, కబురు.

డిజిటల్ నిశ్శబ్దాన్ని మనం విజయంగానే చెప్పుకుంటాం. కానీ గ్రామఫోన్ తన జబ్బుని పాటలోనే బయటపెట్టేది. సీడీ ప్లేయర్ మాత్రం తప్పుల్ని సవరించుకుంటూ చివరిదాకా బాగున్నట్టే పాడి, ఒకరోజు ఎగిరెగిరి ఆగిపోతుంది. గదిలోని గరగర ఒక్కటే ముందుగా అందే కబురు. కింద స్పాంజి ముక్క పెట్టి దాని నోరు నొక్కితే ఆ కబురు కూడా అందదు.

కొన్న సినిమా మళ్ళీ దొరుకుతుంది. ఇంటి పెళ్ళి డిస్క్ చాలాసార్లు ఒకటే కాపీ, పైగా అలా రాసిన డిస్కుల్లో రంగు పూత ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది కూడా. కాబట్టి ప్లేయర్ గరగరమనడం మొదలుపెడితే ముందు ఆ డిస్కుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. స్క్రూడ్రైవర్ ఆ తర్వాత తీయొచ్చు.