పొంగిన పిండి, పరుల పొయ్యి

ప్రసిద్ధుడైన సినిమా నటుని పుట్టినరోజు గడచిన మరునాడు దినపత్రికల జిల్లా పుటలను తిరుగవేసినవారికి ఒక వార్త తప్పక కంటబడును: అభిమాన సంఘమువారు ప్రభుత్వాసుపత్రికి పోయి, కేకు కోసి, రోగులకు పండ్లును బ్రెడ్డును పంపిణీ చేసిరని. ఆ వార్తలో నటుని పేరు మారును, ఊరు మారును, తరములే మారును గాని, పండ్లును బ్రెడ్డును మాత్రము మారవు. ఏ నటుల పేరిట ఆ రొట్టె రోగుల మంచముల చెంతకు చేరుచున్నదో, ఆ నటులు కాపురముండు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతముల వంటయిండ్లలో నేడు మరియొక విధమైన రొట్టె పుట్టుచున్నది. ఒకటి రెండు నాళ్ళు పులిసిన పిండితో, పైన గట్టి పెచ్చుతో, లోపల తేనెపట్టు వంటి గూళ్ళతో, ఫ్రాన్సువారి బగెట్టనియు ఇటలీవారి చబాత్తా యనియు పేర్లు దాల్చిన ఆ రొట్టెను, అంగడికి పోయి కొనగలవారే, ఇంట తమ చేతులతో కాల్చ నేర్చుకొనుచున్నారు. ఆసుపత్రి రొట్టెకును ఈ రొట్టెకును నడుమ నున్న దూరము నగరపటములో చూచిన స్వల్పమే గాని, చరిత్రలో నడచి చూచినచో నాలుగు శతాబ్దములకు పైబడిన దారి.

తెలుగు ఇంటిలో బ్రెడ్డు చిరకాలము భోజనపదార్థము కాలేదు, అది పథ్యము. జ్వరము తగిలి, లంఖణములు చేసి, నాలుక చేదెక్కి పడియున్న పిల్లవానికి, డాక్టరుగారి యనుమతిపై, వేడిపాలలో నానవేసి పెట్టెడి మెత్తని తెల్లని ముక్క అది. ఒడలు బాగున్నవాడు దానిని కోరి తినుట మా చిన్నతనమున కొంత అనుమానింపదగిన చేష్ట. రొట్టె యనగానే జొన్నరొట్టెయో సజ్జరొట్టెయో మినపరొట్టెయో మనస్సునకు వచ్చునుగాని, కాగితము చుట్టి దుకాణములో అమ్మునది ఎన్నడును రొట్టె కాలేదు, బ్రెడ్డుగానే మిగిలిపోయినది. నెల్లూరులో మొహర్రము దినములందు స్వర్ణాల చెరువు నీటిలో నిలిచి, చదువునకొకటి, పెండ్లికొకటి, సంతానమునకొకటిగా జనులు మార్చుకొనునవి కూడ ఇంట పెనముపై కాల్చి తెచ్చిన చదును రొట్టెలే. మ్రొక్కునకు రొట్టె, జ్వరమునకు బ్రెడ్డు. మనవారు ఈ విభజనను ఎవ్వరును చెప్పకయే పాటించిరి.

ఈ పరాయితనమంతయు పొయ్యినుండి వచ్చినదని నా యభిప్రాయము. పిండి పులియబెట్టు విద్యలో మనవారు ఎవ్వరికిని తీసిపోరు. ఇడ్లీపిండి రాత్రి కలిపి మూతపెట్టి, వేసవిలో ఉదయమునకే పులుపెక్కుననియు, పుష్యమాసపు చలిలో గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి ప్రక్కను పెట్టవలెననియు తెలియని ఇల్లాలు ఉండదు. పాలు తోడుపెట్టుటకు నిన్నటి పెరుగునుండి ఒక చుక్క దాచుట ఎంత సహజమో, నిన్నటి పిండినుండి ఒక ముద్ద దాచి నేటి పిండిలో కలుపుట పాశ్చాత్యుల రొట్టెకు అంత సహజము. వారు సోర్‌డో అని పిలుచుదానికి మూలమైన ఆ ముద్దను మన భాషలో తోడు అన్నను, చేమిరి అన్నను సరిపోవును. పాతబస్తీ నాన్‌వాలా దానినే ఖమీరు అనును. బైబిలును తెలుగు చేసినవారు ఈస్టు లేని రొట్టెకు మాట వెదకవలసి వచ్చినప్పుడు, ఒకచోట పొంగని రొట్టె యనియు, ఒకచోట పులియని రొట్టె యనియు వ్రాసిరి. రెండు క్రియలును అప్పటికే మన వంటయింట సిద్ధముగా నుండెను.

అయినను బియ్యమునకును జొన్నకును ఒక లోపము కలదు. గోధుమపిండిలో నీరు పడి చేయి పడినంతనే గ్లయడిన్, గ్లూటెనిన్ అను రెండు మాంసకృత్తులు పెనవేసుకొని గ్లూటెను అను సాగెడి వలగా మారును. పులియుటచే పుట్టిన వాయువు ఆ వలలో చిక్కుకొని పిండిని పైకి లేపును. జొన్నపిండికి అట్టి వల లేకపోవుటచేతనే, దానిని వేడినీటితో కలిపి, చేతితో తట్టి, పలుచని రొట్టెగా పెనముపై వేయుదురు. మినుము కొంత ఆ కొరతను తీర్చెను. దిబ్బరొట్టె చేయువారు మందపాటి మూకుడులో పిండి పోసి, మూతపెట్టి, క్రింద కుంపటియు, మూతపైన నిప్పు కణికలును ఉంచి, రెండు వైపుల వేడిమితో దానిని నెమ్మదిగా కాల్చెడివారు. క్రిందను మీదను నిప్పు, నడుమ మూతలో బందీయైన ఆవిరి: ఇంతకంటె ఓవెను అనునది మరేమి? తెలుగువారి స్వంత ఓవెను మూకుడంత పరిమాణమున, ఒక కుటుంబమునకు చాలినంతగా, వంటయింటి మూలనే యుండెను.

పొంగిన గోధుమరొట్టె మాత్రము ఓడలలోను, దండులతోను వచ్చెను. 1510లో గోవాను జయించిన పోర్చుగీసువారు తమ పావు రొట్టెను అక్కడ నెలకొల్పి, దానిని పొంగించుటకు తాటిజాతి చెట్ల కల్లును తోడుగా వాడిరి. ఈదులును తాళ్ళును ఊరూర నిలిచియున్న మన దేశమున, కల్లు కాంపౌండు ప్రక్కన రొట్టెల బట్టీ వెలసెనని నేనెన్నడును వినలేదు, అదియొక వింత. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ అను ఓడ మచిలీపట్టణపు రేవును చేరెను. అంతకుముందే డచ్చివారు ఆ తీరమున దిగియుండిరి. గిడ్డంగులు గలచోట వర్తకులుందురు, వర్తకులు గలచోట వారి రొట్టె యుండును. అయితే ఆ శతాబ్దముననే ఢిల్లీని చూచిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, అక్కడి రొట్టెలవారి బట్టీలు తమ దేశపువాటివలె లేవనియు, రొట్టె సరిగా కాలదనియు గొణిగెను. పరదేశి పోయినచోటెల్ల మొదట నిందించునది అక్కడి రొట్టెనే.

హైదరాబాదు సంస్థానమునకైతే రొట్టె పుట్టుకతోడనే ముడివడిన కథ కలదు. మొదటి నిజాము దక్కనునకు బయలుదేరుటకు పూర్వము నిజాముద్దీన్ అనెడి ఔరంగాబాదు సూఫీ సాధువు ఎదుట కూర్చుండి ఏడు కుల్చాలు తినెననియు, నీ వంశము ఏడు తరములు ఏలునని ఆయన దీవించెననియు, ఆ కుల్చాయే ఆసఫ్‌జాహీల పసుపుపచ్చ జెండా నడుమ తెల్లని చంద్రబింబమై నిలిచెననియు చెప్పుదురు. కథ ఎంత నిజమో గాని లెక్క కుదిరినది: 1724 మొదలు 1948 వరకు నిజాములుగా పరిగణింపబడినవారు ఏడుగురే. (ఆ నడుమ గద్దెకై పెనుగులాడిన నాసర్‌జంగు, ముజఫర్‌జంగు, సలాబత్‌జంగులను లెక్కలోనికి తీసికొననిచో ననుట మరువరాదు, కుల్చాలను లెక్కించినవారు వారిని లెక్కింపలేదు.) ఒక రాజ్యము తన ధ్వజముపై రొట్టెను నిలిపికొనెనని ప్రజలు నమ్ముట, ఆ నగరమున రొట్టెకు గల గౌరవమునకు సాక్ష్యము.

నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలమున, 1851లో, కొలువులో మున్షీగా నుండిన ఒకాయన పురానీ హవేలీ చెంత పెట్టిన నాన్ దుకాణము మున్షీ నాన్ అను పేర చిరకాలము నడచెను. అక్కడి నాన్ గుండ్రన కాదు, నాలుగు మూలలది. చార్ కోనీ నాన్ అందురు. భూమిలోనికి దిగిన బావి వంటి బట్టీ, అడుగున నిప్పు, పిండిని నాలుగు మూలలకు మడచి, తడిచేసి, వంగి, గోడకు అంటించెడి పనివాని మోచేయి, కాలిన వెంటనే ఇనుపచువ్వతో ఊడదీసెడి ఒడుపు — ఇవి ఒకనాటితో అబ్బునవి కావు. ఆ బట్టీ ఒక ఇంటిలో ఇముడునదియు కాదు. ఇదియే గమనింపవలసినది. జెనానాలలో ఎన్ని వంటలు వండినను, నాన్‌కును షీర్‌మాలుకును మనిషి బజారునకు పోవలసినదే. పొంగిన రొట్టె హైదరాబాదులో మొదటినుండియు వీధి పొయ్యిది, కొనుగోలు వస్తువు.

1798 నాటి ఒడంబడిక చొప్పున ఆంగ్లేయుల సైన్యము వచ్చి మకాము వేయగా, 1806లో మూడవ నిజాము సికిందర్‌జా పేర వెలసిన సికింద్రాబాదు, నగరమునకు మరియొక పొయ్యిని తెచ్చెను. సోల్జరుల రొట్టెకు జనులు డబుల్ రోటీ యని పేరు పెట్టిరి; పిండి రెట్టింపుగా పొంగుటచే ఆ పేరు వచ్చెనని కొందరు వివరింతురు. నగరము దానిని అట్లే తినక, నేతిలో వేయించి, చక్కెర పాకములోను పాలలోను ముంచి, జీడిపప్పు చల్లి, డబుల్ కా మీఠాగా మార్చి పెండ్లి పంక్తిలో కూర్చుండబెట్టెను. దండువారి రొట్టెకు ఇంతటి పదోన్నతి వేరొకచోట లభించెనని తోచదు. తరువాతి చరిత్ర అందరెరిగినదే: ఇరానీ హోటళ్ళు బన్ మస్కాను, ఉస్మానియా బిస్కత్తును ఇచ్చెను, దేశవిభజనానంతరము సింధునుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాణీ 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీని తెరచెను, 1965లో కేంద్రప్రభుత్వమే మోడర్న్ బేకరీసును స్థాపించి, కోసిన రొట్టెను మైనపు కాగితములో చుట్టి మధ్యతరగతి గుమ్మమునకు చేర్చెను. దానిని 2000లో హిందుస్థాన్ లీవరు కొనెను. ఎవ్వరు కాల్చినను ఇంటివారు కాల్చలేదు.

ఈలోపల జూబ్లీహిల్స్ అవతరించెను. 1960ల తొలినాళ్ళలో చల్లగళ్ళ నరసింహారెడ్డిగారు సహకార గృహనిర్మాణ సంఘమును కూర్చినప్పుడు, అక్కడ నుండినది బండరాళ్ళును తుప్పలును మాత్రమే. అంత దూరమున, ఆ గుట్టలపై, ఎవ్వరు కాపురముందురని నవ్వినవారు ఉండిరట. మద్రాసునుండి సినిమా పరిశ్రమ తరలివచ్చుట ఆ నవ్వునకు సమాధానమైనది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో సమీపపు బంజారాహిల్స్ గుట్టపై అన్నపూర్ణా స్టూడియోను ప్రారంభించిరి. తదుపరి కృష్ణగారి పద్మాలయా, రామానాయుడుగారి స్టూడియో లేచెను. నటులకును సాంకేతికులకును ఫిల్మ్‌నగరు ఏర్పడెను. మద్రాసులోని కోడంబాకము పరిసరములను విడిచి వచ్చిన ఆ కుటుంబములవారు కట్టుకొన్న క్రొత్త ఇండ్లలో గ్యాసుపొయ్యి యున్నది, ఫ్రిజ్ ఉన్నది, పనివారున్నారు. కుంపటి మాత్రము లేదు. గ్యాసు వచ్చుటతో నిప్పు కణికలు పోయెను. కణికలు పోవుటతో దిబ్బరొట్టెకు మీది నిప్పు పోయెను. నాన్‌స్టిక్ పెనముపై మూతపెట్టి, తిరుగవేసి కాల్చిన నేటి మినపరొట్టెను తిన్నవారు అదియే అసలు రూపమని నమ్ముదురు. తెలుగు వంటయిల్లు తన ఓవెనును పోగొట్టుకొన్న సంగతి దానికే తెలియలేదు.

అది తిరిగి వచ్చినది పరదేశి వేషమున. మొదట కేకులకై కొన్న ఓ.టి.జి. అను విద్యుత్ పొయ్యి పెట్టె అలమరపై ధూళి పట్టియుండగా, 2020 మార్చి 25 నుండి కోవిడ్ కారణమున దేశమంతయు తలుపులు మూసికొనెను. షూటింగులు నిలిచెను; ఫిల్మ్‌నగరు చరిత్రలో అట్టి నిశ్శబ్దము ఎరుగము. ఇంట కూర్చున్నవారు లోకమందలి అందరివలెనే మైదా కలుప మొదలిడిరి. 1857 ప్రాంతమున పాస్తూరు పులియుట సూక్ష్మజీవుల పనియని తేల్చుటయు, రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకై ఎండబెట్టిన ఈస్టు తయారగుటయు లేకున్న, ఆ చిన్న పొట్లము వారి చేతికి చేరెడిదే కాదు. పొట్లము దొరకనివారు పిండిని నీటిలో కలిపి సీసాలో వారము దినములు పెంచి తోడు తయారు చేసికొనిరి.

నేర్చినకొలదియు లోకమందలి రొట్టెలు బంధువులవలె కనిపించును. ఇథియోపియావారి ఇంజెరాను చూచిన తెలుగువాడు దానిని దోసె యనక మానడు. టెఫ్ అను సన్నని ధాన్యపు పిండిని పులియబెట్టి, వెడల్పైన పెనముపై పోసి, ఒకవైపే కాల్తురు. చబాత్తా యనగా ఇటలీ భాషలో చెప్పు. ప్రాచీనమని మురిసిపోవువారికి అది 1982లో అడ్రియా పట్టణపు మిల్లుదారు అర్నాల్డో కవల్లారి కల్పించినదని చెప్పిన కోపము వచ్చును. ఫ్రాన్సువారు 1993లో ఒక శాసనమే చేసి, సంప్రదాయపు రొట్టెను ఘనీభవింపజేయరాదనియు, నిలువయుంచు మందులు కలుపరాదనియు విధించిరి. అన్నిటికంటె నన్ను ఆకర్షించినది 2006లో న్యూయార్కు రొట్టెకాపు జిమ్ లేహీ లోకమునకు చూపిన పద్ధతి: పిండిని పిసుకనక్కరలేదు, పలుచగా కలిపి రాత్రియంతయు వదలి, మూతగల దళసరి ఇనుపపాత్రను ఓవెనులో కాల్చి, అందు వేసి మూయవలెను. లోపలి ఆవిరి మూతక్రింద నిలిచి, పెచ్చును త్వరగా గట్టిపడనీయక, రొట్టెను పొంగనిచ్చును. ఆ పాత్రను చూచుటకు మా పెద్దమ్మ యుండిన, నిప్పు మూతమీద వేయక చుట్టును పెట్టినారేమని మాత్రము అడిగియుండును.

చిక్కంతయు కాలమానమున నున్నది. ఐరోపావారి గ్రంథములు ఇరువదినాలుగు, ఇరువదియైదు డిగ్రీల గదిని భావించి గంటలు వ్రాయును; మే నెలలో జూబ్లీహిల్స్ గుట్టల బండలు వేడెక్కి, బయట నలుబది డిగ్రీలు దాటినప్పుడు ఆ గంటలు సగమైనను మిగులవు. ఫిల్మ్‌నగరులో నా మిత్రుని యింట ఒకనాడు కోడలు సోర్‌డో కలిపి గిన్నెలో మూతపెట్టియుండగా, అత్తగారు వచ్చి మూతతీసి, వాసన చూచి, “ఇది దాటిపోయిందమ్మా, ఇక లేవదు” అనెను.

“పుస్తకంలో ఎనిమిది గంటలని ఉందత్తయ్యా.”

“రాసినవాళ్ళ ఊళ్ళో మే నెల రాదు కాబోలు.”

పిండి నిజముగనే వల తెగి జారిపోయి యుండెను. పెద్దావిడ అందులో ఉల్లిపాయలు, పచ్చిమిరప, జీలకర్ర, చారెడు బియ్యపుపిండి కలిపి, మూకుడులో నూనె పెట్టెను. ఆ సాయంకాలము మాకు ఫ్రాన్సు రొట్టె దొరకలేదు. అల్లపు పచ్చడితో మైసూరు బజ్జీలు దొరికెను.