పార పట్టిన సిపాయి

రాంగోపాల్‌పేట్‌లో మా తాతను అందరూ 'మిలిట్రీ తాత' అనేవాళ్లు. పేరు పెట్టి పిలిచినోళ్లు తక్కువ. కులం పేరుతో పిలిపించుకోవడం కంటే అదే నయమని ఆయన సంబరం.

సికింద్రాబాద్‌ను మావాళ్లు ఇప్పటికీ లష్కర్ అంటరు. లష్కర్ అంటే దండు. 1806లో దండు వెంట పెరిగిన ఊరు ఇది. దండుకు తుపాకి పట్టేవాళ్లు ఎంత అవసరమో డోలీలు మోసేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, రోడ్లేసేవాళ్లు అంతే అవసరం. ఉజ్జయిని మహంకాళి గుడికి ఆద్యుడని చెప్పుకునే సురిటి అప్పయ్య డోలీ మోసినవాడే. అట్లా దండు చుట్టూ బతికిన మాలకుటుంబం మాది.

మనవాళ్లు కూలీలుగానే కాదు, సిపాయిలుగానూ ఉన్నారు. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు. కాని 1890ల్లో తెల్లదొరలు 'యుద్ధజాతులు' అనే లెక్క తీసి అంటరానివాళ్ల భర్తీని చాలావరకు ఆపేశారు. రెండో ప్రపంచయుద్ధం నెత్తిమీదికొచ్చాకే మళ్లీ మనం గుర్తొచ్చాం. 1941లో రక్షణ సలహా సంఘంలో ఉన్న అంబేద్కర్ పట్టుబట్టాడు. ఆ ఏడే మహర్ రెజిమెంటు మొదలైంది. దక్షిణాదివాళ్లు ఎందరో పయనీర్ దళాల్లో చేరారు. మా తాత అందులోనే బర్మా పోయిండు. 1944లో అంబేద్కర్ సికింద్రాబాద్ వచ్చినప్పుడు తాత అక్కడే ఉన్నడు. నాయనమ్మ సభకు పోయొచ్చి ఉత్తరం రాయించింది: "మన పిల్లలు బడికి పోవాలె."

యుద్ధం అయిపోయింది, నౌకరీ అయిపోయింది. పెన్షన్‌కు సరిపడా సర్వీసు లేదు. బస్తీ దాటి రోడ్డు మీద ఇల్లు కిరాయికి అడిగితే మిలిట్రీ అనంగనే తలుపు తీసిండ్రట, కులం చెప్పంగనే మూసిండ్రట. రాణీగంజ్‌లో ఇనప సామాన్ల గోదాముకు వాచ్‌మన్‌గా చేసిండు. రాత్రంతా కాపలా కాసి, తెల్లారంగ మా జడలు అల్లి, బూట్లు తుడిచి, బడి గేటుదాకా దిగబెట్టేది. ఆడపిల్లల జడలేయడమేందని నవ్వినోళ్లను పట్టించుకోలేదు.

ఒకరోజు క్లాసులో మా తాత బర్మాలో కొట్లాడిండని చెప్పిన. ఏం చేసిండని పంతులు అడిగిండు. రోడ్లు వేసిండన్న. "రోడ్లేసేటోడు సిపాయి ఎట్లయితడు?" అన్నడు. క్లాసంత నవ్వింది. ఇంటికొచ్చి తాత మీదనే కోపం తీసిన.

"తుపాకి పట్టలేదా నువ్వు?"

"పట్టిన. పార ఎక్కువ పట్టిన."

"మరి సిపాయివని ఎందుకు చెప్పినవు?"

తాత కోపం చేసుకోలేదు. "బిడ్డా, మేమేసిన రోడ్డు మీదికెల్లే ట్యాంకులు పోయినయి. బాంబులు పడంగ వేసినం. రోడ్డేసెటోళ్లని బాంబు ఇడిసిపెడ్తదా?"

ఆ తర్వాత బడిలో తాత మాట ఎత్తలేదు నేను. సిగ్గుపడ్డ. పారను చిన్నచూపు చూసింది పంతులొక్కడే కాదు, నేను కూడా. యుద్ధజాతుల లెక్క రాసిన దొరలు పోయిండ్రు గాని ఆ లెక్క మన బుర్రల్ల ఉండిపోయింది.

1994లో తాత పోయిండు. బాజా లేదు, జెండా లేదు. ట్రంకుపెట్టె తీస్తే డిశ్చార్జి బుక్కు, బర్మా స్టార్ పతకం, వాటి కింద మా అందరి స్కూలు మార్కుల కాగితాలు. ఒక్కటి పోకుండ దాచిండు. అందులో నా ఆ ఏటి కాగితం కూడా ఉంది.

ఆ క్లాసులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్న. మా తాత సిపాయి. రోడ్లేసిండు.